రెండు ముద్దలకే వాంతి ఎందుకు?

ప్రశ్న: బరువు తగ్గేందుకు కడుపులో చాలా భాగం తీసేసే స్లీవ్ సర్జరీ అయి 2 నెలలైంది. ఈమధ్యే మామూలు తిండికి మారాను. రెండు ముద్దలకే ఛాతీలో పట్టేసినట్టయి, నురగలాంటి ఉమ్మి ఊరి వాంతవుతోంది. ఏం చేయాలి?

జవాబు: చాలావరకు ఇది గబగబా తినడం వల్లే. మీ కడుపు ఇప్పుడు సన్నటి గొట్టం. సరిగా నమలని ముక్క దారిలో ఇరుక్కుంటే, అది దిగేదాకా ఉమ్మి పైకి తన్నుకొస్తుంది. చిటికెనవేలి గోరంత ముక్క తీసుకుని, గుజ్జయ్యేదాకా 20, 25 సార్లు నమలండి. చెంచా కింద పెట్టి, నిమిషం ఆగాకే తర్వాతి ముక్క. ముందు ప్రొటీన్ తినండి, రోజుకు కనీసం 60 గ్రాములు అందాలి. తిన్నాక అరగంట నీళ్లు వద్దు. అడ్డుపడ్డదాన్ని నీళ్లతో దింపబోతే వాంతి ఖాయం.

ఇంత జాగ్రత్తగా తిన్నా రోజూ వాంతులవుతుంటే, నీళ్లు కూడా నిలవకపోతే ఆగకండి, వెంటనే సర్జన్‌ను కలవండి. గొట్టం బిగుసుకుపోయి ఉండొచ్చు. పైగా వాంతులతో విటమిన్ బి1 పడిపోతే నరాలు దెబ్బతింటాయి.