ఐదో నెల పడ్డ మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కాగితం తీశాను. వేవిళ్లు ఆగిపోయాయి, లోపల ఏమీ తెలియడం లేదు, బిడ్డ బాగుందో లేదో అని కదా నీ బెంగ? ఏఎన్ఎం నర్సుగా ఊరూరా తిరిగినన్నాళ్లూ తొలిచూలు పిల్లల నోట ఈ మాట వింటూనే ఉన్నాను. నాలుగో నెల దాటాక చాలామందికి వేవిళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. నీకిప్పుడు పద్దెనిమిదో వారం. తొలి కాన్పుకి కదలిక తెలిసేది 18, 20 వారాల మధ్య. మాయ (ప్లాసెంటా) ముందువైపు ఉంటే ఇంకాస్త ఆలస్యం. 24 వారాలు నిండినా తెలియకపోతే మాత్రం వెంటనే డాక్టరమ్మకి చెప్పు.

మొదట్లోనే తన్నుతుందనుకోకు. మీ బావ కడుపులో ఉన్నప్పుడు ఓ మధ్యాహ్నం అన్నం తిని ఎడమపక్కకి తిరిగి పడుకున్నాను. పొత్తికడుపులో చిన్న బుడగ పగిలినట్టయింది. గ్యాసేమో అనుకున్నా. కాసేపటికి మళ్లీ, చేపపిల్ల తోక ఆడించినట్టు. చెయ్యి వేసి చూస్తే పైకేమీ తెలియలేదు. ఎవరినీ పిలవకుండా అలాగే చాలాసేపు పడుకున్నాను. నీకూ ఆ పూట వస్తుంది.

ఇప్పుడు ఒంట్లో తేలికగా ఉంటుంది, ఆకలీ వేస్తుంది. చాలామంది మందులు మానేసేది సరిగ్గా ఇప్పుడే. నేనూ అదే తప్పు చేశాను. ఊరందరికీ ఐరన్ మాత్రలు పంచినదాన్ని, రెండో కాన్పులో మలబద్ధకమని నావి డబ్బాలోనే వదిలేశాను. నెలలు నిండేసరికి హిమోగ్లోబిన్ 8కి దిగింది. కాన్పు రోజు రక్తం కోసం మీ మామయ్య పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నీకు 11కి తగ్గకూడదు. మాత్ర అన్నం తిన్నాక నిమ్మరసంతో వేసుకో. దానికి గంట ముందూ వెనకా టీ, కాఫీ వద్దు. కాల్షియం మాత్ర దాంతో కలిపి వేసుకోకు, వేరే పూట వేసుకో. విరేచనం నల్లగా అయితే కంగారుపడకు, అది ఐరన్ వల్లే. మునగాకు, తోటకూర, రాగి జావ తిను, కానీ అవి తింటున్నాను కదా అని మాత్ర ఆపకు.

టిఫా స్కాన్ 22 వారాల లోపు అయిపోవాలి. తల, వెన్నుపూస, గుండె గదులు, కిడ్నీలు అన్నీ ఓపిగ్గా చూస్తారు. బిడ్డ అటు తిరిగి ఉంటే కాసేపు నడిచి రమ్మంటారు, దానికి భయపడకు. ఆడా మగా అని ఎవరు అడగమన్నా అడగకు. 1994 చట్టం ప్రకారం అది నేరం. షుగర్ పరీక్ష తొలి చెకప్‌లో బాగానే వచ్చిందన్నావు, అయినా 24, 28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటలకి రక్తం తీస్తారు. 140 లోపు ఉండాలి. మన ఇంట్లో షుగర్ ఉంది కాబట్టి దాన్ని వాయిదా వేయకు.

గబుక్కున లేచినప్పుడు గజ్జల్లో లాగుతుంది, పక్కకి ఒత్తిగిలి మెల్లగా లే. రాత్రిళ్లు పిక్క పట్టేస్తే కాలు చాపి వేళ్లని నీ వైపుకి లాక్కో. బొడ్డు కింద నల్లటి గీత కాన్పయ్యాక మెల్లగా పోతుంది.

కానీ రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినట్టున్నా, తలనొప్పి తగ్గకుండా చూపు మసకబారినా, ముఖం ఉబ్బినా, జ్వరమొచ్చినా, ఆగాగి కడుపు గట్టిపడి నొప్పి వస్తున్నా, కదలిక తెలిశాక అది తగ్గినట్టనిపించినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు. ముందు ఆస్పత్రికి వెళ్లు, దారిలో చెయ్యి.

వచ్చే ఆదివారం మీ అమ్మా నేనూ చలిమిడి పట్టుకుని వస్తున్నాం. స్కాన్ తేదీ ఆ తర్వాత పెట్టించుకుంటే నేనూ నీతో లోపలికి వస్తాను.

మీ అత్తయ్య