పాటల గది: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నల్లకుంటలో మా ఫ్లాట్‌లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదిని పాటలకు కేటాయించుకున్నాను. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రెండు మూలల్లో బల్లల మీద ఉన్నాయి, నా కుర్చీ ఎదుటి గోడకు ఆనుకుని ఉంటుంది. కచేరీ పెడితే మృదంగం తొప్పి (ఎడమ వైపు) దెబ్బ గుమ్మని గదంతా నిండిపోతోంది, సాహిత్యం తెలియడం లేదు. యాంప్లిఫయరు మార్చాలా?

జవాబు: డబ్బు దాచుకోండి, తప్పు గదిది. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 12 అడుగుల దూరంలో ఉన్న గోడల మధ్య 47 హెర్ట్‌జ్ (సెకనుకు 47 కంపనాలు) దగ్గర, మళ్లీ 94 దగ్గర శబ్దం ఉబ్బుతుంది. 10 అడుగుల వైపు ఆ అంకెలు 56, 112. మన ఫ్లాట్లలో శ్లాబు ఎత్తు కూడా ఇంచుమించు 10 అడుగులే, కాబట్టి ఈ రెండో జత మీద దెబ్బ రెట్టింపు. తొప్పి గుంకారం, మగ గొంతు కింది స్వరాలు 94, 112ల చుట్టుపక్కలే తిరుగుతాయి. పైగా స్పీకరును మూలకు నెడితే కింది శబ్దాలన్నీ పెరుగుతాయి, గోడకు ఆనుకుని కూర్చున్న చెవికి అవి ఇంకా ఎక్కువగా వినిపిస్తాయి. మీరు ఈ రెండూ చేశారు.

టేపు పట్టుకోండి. స్పీకరు ముఖం వెనక గోడకు రెండున్నర అడుగుల దూరంలో, దాని మధ్యభాగం పక్క గోడకు 2 అడుగుల దూరంలో ఉండాలి. అప్పుడు రెండు స్పీకర్ల మధ్య 6 అడుగులు వస్తుంది. కుర్చీలో మీ తల వెనక గోడకు నాలుగున్నర అడుగుల ముందు ఉండాలి, సరిగ్గా గది నడిమధ్యకు మాత్రం రాకూడదు, అక్కడ 47 హెర్ట్‌జ్ పూర్తిగా పడిపోతుంది. ఇప్పుడు ఒక్కో స్పీకరు నుంచి మీ చెవికి కూడా దాదాపు 6 అడుగులే. ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తుకు రావాలి. వెల్డింగ్ షాపులో చదరపు ఇనుప గొట్టాలతో రెండడుగుల స్టాండ్లు చేయించి, గొట్టంలో ఆరిన ఇసుక నింపితే గొట్టం మోగదు. కింద గ్రానైట్ ముక్క వేస్తే టైల్స్ మీద కదలదు. గ్రానైట్ కోసే చోట మిగులు ముక్కలు చవగ్గానే దొరుకుతాయి.

తర్వాత ఫోన్‌ను యాంప్లిఫయర్‌కు కలిపి, అందులో టోన్ జనరేటర్ (కోరిన స్వరం మోగించే యాప్) పెట్టి 40 నుంచి 120 హెర్ట్‌జ్ దాకా మెల్లగా పెంచుతూ వినండి. ఏదైనా ఒక అంకె దగ్గర ఇంకా ఉబ్బుతుంటే కుర్చీని అర అడుగు చొప్పున జరపండి. స్పీకర్లకూ మీకూ మధ్య మందపాటి తివాచీ వేయండి. ఇంట్లోవాళ్లు పక్క గోడ వెంట అద్దం జరుపుతుంటే, కుర్చీలోంచి ట్వీటర్ ఎక్కడ కనిపిస్తుందో అక్కడ 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నార) పలకను గుడ్డలో చుట్టి తగిలించండి. గుడ్ల ట్రేలాంటి పలుచటి ఫోమ్ జోలికి పోవద్దు. అది తంబురా జీవాన్ని మింగేస్తుంది, గుమ్మనేది ఎక్కడిదక్కడే ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి పాత బెల్ట్ టర్న్‌టేబుల్ తెచ్చాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పాట నీరసంగా సాగుతోంది. బెల్టు సాగిపోయిందా? (సైనిక్‌పురి)

జవాబు: ముందు లెక్కపెట్టండి. ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) అంచున చిన్న కాగితం ముక్క అతికించి, 33⅓ వేగంలో 3 నిమిషాలు తిప్పండి. సరిగా ఉంటే 100 చుట్లు రావాలి. 83 దగ్గర ఆగితే బెల్టు తప్పేం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 120కి దించుతుంది గానీ మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ను అక్కడి 60 చెయ్యలేదు. పాత బెల్ట్ టర్న్‌టేబుళ్లలో చాలావాటి సింక్రనస్ మోటారు ఆ హెర్ట్‌జ్‌ను బట్టే తిరుగుతుంది. అందుకే అయిదో శ్రుతిలో పాడింది మూడో శ్రుతికి దిగజారి వినిపిస్తోంది.

మోటారుకు 50 హెర్ట్‌జ్ పుల్లీ (బెల్టును తిప్పే చిన్న చక్రం) దొరికితే సరే. లేదంటే బాలానగర్‌లో లేత్ పని చేసేవాళ్ల దగ్గర ఇత్తడితో తిప్పించుకోవచ్చు. కొలత ఇలా: ఇప్పటి పుల్లీ వ్యాసానికి బెల్టు మందం కలిపి, 1.2తో గుణించి, మళ్లీ బెల్టు మందం తీసేయాలి. పుల్లీ 10 మిల్లీమీటర్లు, బెల్టు 0.6 అయితే కొత్తది 12.12. 45 వేగం మెట్టుకూ అదే లెక్క. రంధ్రం నడిమధ్యన లేకపోతే మాత్రం తీసిన స్వరమల్లా ఊగుతుంది, లేత్ మీద ఉండగానే రంధ్రం వేయించండి. చుట్లు 96, 97 వచ్చి వేగం తడబడుతుంటే అప్పుడు బెల్టును అనుమానించండి.

ప్రశ్న: డిష్ సెట్‌టాప్ బాక్సు ఆడియో కూడా యాంప్లిఫయర్‌కు కలిపిన దగ్గర్నుంచి స్పీకర్లలో గుయ్‌మని రొద. ఎలక్ట్రీషియన్ ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందంటున్నాడు. (మల్కాజిగిరి)

జవాబు: రొద పోవచ్చు, లోపల తీగ తెగి డబ్బాకు తగిలిన రోజు మనిషి కూడా పోవచ్చు. ఎర్త్ ముట్టుకోవద్దు. బాక్సు వెనక డిష్ తీగ మర విప్పండి. రొద ఆగితే ఎర్త్ రెండు దారుల్లో చేరి చుట్టు కట్టిందన్నమాట. యాంప్లిఫయర్‌కు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే దాంతో కలపండి, అందులో పోయేది వెలుగే కాబట్టి గొడవ ఉండదు. లేకపోతే ఆడియో తీగ మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. డిష్ తీగలో మాత్రం ఐసోలేటర్ పెట్టకండి, ఆ తీగలోంచే పైన ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందుండే సిగ్నల్ పట్టే భాగానికి) కరెంటు వెళ్తుంది. ఇన్‌పుట్ తీగలన్నీ పీకేసినా రొద ఉంటే లోపం యాంప్లిఫయర్‌లోనే. పాతదైతే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి.

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో 2000 వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని రాసిన సెట్టు చూశాను. మా 20 వాట్ల స్టీరియో కన్నా వంద రెట్లు గట్టిగా మోగుతుందా? (అంబర్‌పేట)

జవాబు: సెట్టును తిప్పి అడాప్టర్ మీద ఏముందో చదవండి. 12 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటే లోపలికి పోయేదే 60 వాట్లు, బయటికి 2000 ఎక్కడిది? ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) అంకె ఒక్కటే అడగండి. నిజంగానే వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్స్, అంటే కాస్త గట్టిగా, అంతే. 86 బదులు 89 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అదే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) ఉన్న స్పీకరు కొంటే అదే ఫలితం.

ప్రశ్న: స్పీకరు తీగ మీటరు వెయ్యి రూపాయలు చెబుతున్నారు. కొనాలా? (కూకట్‌పల్లి)

జవాబు: అక్కర్లేదు. 5 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు, రానూపోనూ కలిపి అడ్డు 0.07 ఓమ్ మాత్రమే. చూసుకోవలసింది ప్లస్, మైనస్. ఒక్క స్పీకరుకు తారుమారైతే గొంతు మధ్యలో నిలవదు, మృదంగం పలచబడుతుంది. అనుమానముంటే యాంప్లిఫయరు నుంచి తీగ విప్పి, ఒకటిన్నర వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలితే ఊఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద కోన్) బయటికి రావాలి.