వెబ్‌సైటులో లోపం కనిపెట్టి చెబితే కేసు పెడతారా?

పెట్టవచ్చు. నా మీద పెట్టలేదు కానీ, పెడతామని బెదిరించారు.

నాలుగేళ్ల క్రితం మా పెద్దమ్మ వాళ్లు తిరుమల దర్శనానికి వస్తున్నారని తిరుపతి బస్టాండు దగ్గరి ఒక ప్రైవేటు లాడ్జిలో గది బుక్ చేశాను. రసీదు తెరిస్తే లింకు చివర బుకింగ్ నంబరు కనిపించింది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, చెయ్యి ఊరుకోలేదు. చివరి అంకె మార్చాను. లాగిన్ అడగలేదు. ఎవరో పెద్దావిడ ఆధార్ కార్డు ఫోటో, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా తెర నిండా వచ్చింది. ఇంకో అంకె మారిస్తే ఇంకో కుటుంబం. అక్కడితో ఆపేసి, రెండు స్క్రీన్‌షాట్లు జతచేసి లాడ్జికి మెయిల్ పంపాను. మర్నాడు మేనేజరు ఫోను చేసి, "మా కంప్యూటర్‌లోకి దూరడానికి నువ్వెవరు? పోలీసులకు ఫిర్యాదు చేస్తాం" అన్నాడు.

చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా మామయ్య దగ్గరికి పరుగెత్తాను.

"స్క్రీన్‌షాట్లు ఎందుకు తీశావురా?" అన్నారు.

"రుజువు కోసం మామయ్యా."

"రుజువే. నీ మీద."

అసలు తాళమే లేదు కదా అని వాదించాను. సెక్షన్‌లో తాళం మాట లేదు, అనుమతి మాటే ఉంది అన్నారు. ఆయన చూపించింది ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించినా, సమాచారం కాపీ చేసినా పరిహారం కట్టాలి. మంచికి చేశావా చెడుకు చేశావా అని అది అడగదు. అదే పని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్: మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ దురుద్దేశం మాట 2008 సవరణలో చేరింది. మనకు అదే అండ. కానీ ఉద్దేశం తేలేది విచారణలో. ఇది బెయిలు దొరికే నేరమే. పోలీసులు ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకుంటే అది ఎప్పుడు తిరిగొస్తుందో మాత్రం మామయ్య కూడా చెప్పలేకపోయారు.

కంప్యూటర్లలోకి చొరబడటంపై అమెరికా చట్టం మనదాని కంటే పాతది, 1986 నాటిది. సదుద్దేశంతో చేసే భద్రతా పరిశోధనపై కేసులు పెట్టవద్దని 2022 మేలో అక్కడి న్యాయశాఖ తన ప్రాసిక్యూటర్లకు చెప్పింది. అయితే అది శాఖ విధానమే, చట్టం మారలేదు. మనకు 43వ సెక్షన్‌లోనే మినహాయింపు రాయాలని నా అభిప్రాయం. ఉద్దేశం మంచిదైతే చాలని రాస్తే ఒప్పుకోను. డబ్బిస్తేనే లోపం చెబుతామని బేరం పెట్టేవాళ్లూ ఆ మాటే అంటారు. లోపం ఉందని తేల్చడానికి ఎంత అవసరమో అంతే చూసి, ఎవరికీ పంచకుండా, వెంటనే తెలియజేసినవారికి మాత్రమే ఆ మినహాయింపు దక్కాలి.

అంతవరకు మీరు చేయగలిగింది ఇది: ఇతరుల వివరాలు కాపీ చేయకండి. యజమానికి నేరుగా రాసే బదులు సెర్ట్-ఇన్‌కు పంపండి. ఇలాంటి లోపాల సమాచారం తీసుకుని సంబంధిత సంస్థతో మాట్లాడే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. దానికి పంపినంత మాత్రాన కేసు రాదన్న హామీ లేదు, కానీ మీరు దాచలేదని తేదీతో సహా నమోదవుతుంది.

మామయ్య రాసిచ్చిన నాలుగు వాక్యాల లేఖతో నా గొడవ సద్దుమణిగింది. ఆ లోపం సరిచేశారో లేదో నేను చూడలేదు. చూడాలంటే మళ్లీ అంకె మార్చాలి.