ఆటోమాటా ఇష్టం, కానీ ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. ఆటోమాటా (లెక్కించే యంత్రాల గణిత నమూనాలు), డిసైడబిలిటీ (ఏ సమస్యలను కంప్యూటర్ తేల్చగలదో చెప్పే సిద్ధాంతం) అంటే చాలా ఇష్టం. వాటితో ఉద్యోగాలు రావు, ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్ల తయారీ) నేర్చుకోమని ఇంట్లో అంటున్నారు. ఇందులోనే ముందుకెళ్లవచ్చా?
– ఓ విద్యార్థిని, తెనాలి

జవాబు: తప్పకుండా వెళ్లవచ్చు. చాలామంది బట్టీపట్టి గట్టెక్కే సబ్జెక్టు మీకు నచ్చింది, దాన్ని వదులుకోకండి. ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు కనిపించవు కాబట్టి ఇంట్లోవాళ్ల భయమూ సహజమే. ఈ పరిజ్ఞానంతో పని ఉండేది కంపైలర్లు (ప్రోగ్రామ్‌ను యంత్ర భాషలోకి మార్చేవి), చిప్ వెరిఫికేషన్, సాఫ్ట్‌వేర్ భద్రత వంటి విభాగాల్లో.

ఇంట్లో ఈ సంగతి చెప్పండి. 2019 జులై 2న వెబ్‌సైట్లకు వేగం, భద్రత అందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ వెనకున్న వెబ్‌సైట్లు ప్రపంచమంతటా 27 నిమిషాలు మొరాయించాయి. కారణం ఒకే ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల్లో ఫలానా నమూనా ఉందేమో వెతికే సూత్రం. ఒక దారి కుదరకపోతే వెనక్కొచ్చి మరో దారి పట్టే బ్యాక్‌ట్రాకింగ్ ఇంజిన్ దాన్ని నడిపింది. ఆ దారులు విపరీతంగా పెరిగి సర్వర్ల ప్రాసెసర్లన్నీ ఆ పనిలోనే మునిగిపోయాయి. మీరు క్లాసులో గీసే ఎన్‌ఎఫ్‌ఏలో (ఒకే అక్షరానికి పలు దారులు పట్టగల ఆటోమాటాలో), చేరగల స్థితులన్నింటినీ ఒకేసారి వెంబడిస్తే ఈ చిక్కే రాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ ఆ పద్ధతిని 1968లోనే ప్రచురించారు. నా దృష్టిలో సిలబస్ మొత్తంలో ఇంత నేరుగా పనికొచ్చే పాఠం ఇంకోటి లేదు.

డిసైడబిలిటీ విషయానికొస్తే, ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో లేదో చెప్పే పద్ధతి ఉండదని 1936లో గణితవేత్త ట్యూరింగ్ నిరూపించారు. కానీ స్థితులు పరిమితంగా ఉంటే తనిఖీ సాధ్యమే. ఆ మోడల్ చెకింగ్‌కే క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007 ట్యూరింగ్ అవార్డు దక్కింది. 1994లో పెంటియం ప్రాసెసర్ చేసే భాగహారంలో బయటపడ్డ లోపం ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల నష్టం తెచ్చాక చిప్ సంస్థలు ఇలాంటి పద్ధతులపై గట్టిగా దృష్టిపెట్టాయి. హైదరాబాద్‌లోనూ చిప్ డిజైన్ కేంద్రాలున్నాయి. ఆ ఉద్యోగాలు కావాలంటే డిజిటల్ లాజిక్, చిప్ డిజైన్‌లో వాడే సిస్టమ్‌వెరిలాగ్ భాష కూడా రావాలి.

పైచదువుకు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ మీకు బాగా సరిపోతుంది. దానికి సొంత ప్రవేశ పరీక్ష ఉంది, నిరూపణలు రాయడం ఇప్పటినుంచే సాధన చేయండి. గేట్ కూడా రాయండి, అందులోనూ మీకు నచ్చిన ఈ సబ్జెక్టు థియరీ ఆఫ్ కంప్యుటేషన్ పేరుతో ఉంది. పరిశోధనే లక్ష్యమైతే ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్‌ఆర్), చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ (ఐఎంఎస్‌సీ) చూడండి.

ఫుల్‌స్టాక్ సెలవుల్లో నేర్చుకోవచ్చు. ముందు ఈ సెమిస్టర్‌లోనే థాంప్సన్ పద్ధతిలో చిన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇంజిన్ సొంతంగా రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఉద్యోగ ఇంటర్వ్యూలోనైనా, ఎమ్మెస్సీ ప్రవేశంలోనైనా చూపించడానికి పనికొస్తుంది.