ఏన్షియంట్ డ్రాగన్ స్మిథింగ్ స్టోన్ ఎందుకు పడటం లేదంటే

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో ఫారమ్ అజూలా అనే ప్రాంతం చేరాక తొమ్మిది రోజులుగా అక్కడి బీస్ట్‌మెన్‌ని చంపుతూనే ఉన్నానని, ఆయుధాన్ని చివరి మెట్టుకి పెంచే ఏన్షియంట్ డ్రాగన్ స్మిథింగ్ స్టోన్ ఒక్కటి కూడా పడలేదని, వస్తువులు పడే అవకాశాన్ని పెంచే ఆర్కేన్ అనే స్టాట్ పెంచితే పడుతుందా అని మీరు అడిగారు. పడదండి. ఆర్కేన్ 99 చేసినా పడదు. గ్రేస్ (విశ్రాంతి తీసుకునే చోటు) దగ్గర కూర్చుని లేచేసరికి మళ్లీ పుట్టే శత్రువుల దగ్గర ఆ రాయి ఉండదు. ఒక్కో ప్లేత్రూలో, అంటే గేమ్ మొదటినుంచి చివరిదాకా ఒకసారి ఆడితే, కొన్ని మాత్రమే, ఫలానా చోట్ల మాత్రమే పెట్టారు. మీ లక్‌లో ఏ లోపమూ లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే 2022లో నేనూ ఇదే చేశాను. మాది అమలాపురం పక్కన పల్లె. గేమ్ ఆ ఏడాది ఫిబ్రవరి 25న వచ్చింది, నేను ఫారమ్ అజూలా చేరేసరికి జూలై అయింది. గోదావరికి పెద్ద వరద వచ్చిన నెల అది. లంకలో ఉండే మా మేనత్త వాళ్ల ఇంట్లోకి నీళ్లొస్తే అందరూ మా ఇంటికి వచ్చేశారు. రాత్రి పెద్దవాళ్లు పడుకున్నాక నేను ఆడుతుంటే మేనత్త కొడుకు పక్కన కూర్చుని చూసేవాడు. నాలుగో రాత్రి వాడు అడిగాడు, "బావా, ఇది ఇక్కడ పడుద్దని నీకెవరు చెప్పారు?" అని. ఎవరూ చెప్పలేదు. శత్రువులు గట్టివాళ్లు కదా, గొప్ప రాయి వాళ్ల దగ్గరే ఉంటుందని నాకు నేనే అనుకున్నాను. అప్పుడు వాడన్నాడు, "ఏప్రిల్‌లో వలేస్తే పులస పడుద్దా?"

అది నాకు బాగా తగిలింది. ఎర్రనీరు వస్తేనే పులస సముద్రంలోంచి గోదావరికి ఎదురెక్కుతుంది. వల ఎంత మంచిదైనా, వేసేవాడికి ఎంత ఓపిక ఉన్నా ఏట్లో లేని చేప పడదు. అప్పటినుంచి ఏ గేమ్‌లోనైనా ఫార్మింగ్ (ఒక వస్తువు కోసం అదే శత్రువుని మళ్లీ మళ్లీ చంపడం) మొదలుపెట్టే ముందు ఈ వస్తువు అసలు ఈ శత్రువు దగ్గర ఉందా లేదా అన్నదే ముందు చూసుకుంటున్నాను.

ఆర్కేన్ సంగతి కూడా చెప్తాను, వేరే వస్తువులకి పనికొస్తుంది. స్టేటస్ స్క్రీన్‌లో డిస్కవరీ అని ఒక అంకె కనిపిస్తుంది. అది 100కి మీ ఆర్కేన్ కలిపితే వచ్చేది. ఆర్కేన్ 10 ఉంటే 110. సిల్వర్ స్కారబ్ టాలిస్మన్ పెట్టుకుంటే ఇంకో 75, సిల్వర్ పికిల్డ్ ఫౌల్ ఫుట్ తింటే మూడు నిమిషాల పాటు ఇంకో 50. మొత్తం 235, అంటే మామూలుకి రెట్టింపు పైనే. కానీ ఇది శత్రువు దగ్గర ఉన్న వస్తువు పడే అవకాశాన్ని పెంచుతుందే తప్ప లేని వస్తువుని పుట్టించదు. శవాల మీద మెరిసేవి, పెట్టెల్లో ఉండేవి కూడా దీనికి సంబంధం లేనివి, అవి ముందే పెట్టినవి.

ఇంకో మాట. 100లో 4 సార్లు పడే వస్తువు 25 మందిని చంపితే ఒక్కటైనా తప్పక పడుతుందని చాలామంది లెక్క వేస్తారు. అలా కాదు. ప్రతి చావూ విడి పందెమే, వెనక ఎన్ని పోయాయన్నది గేమ్ గుర్తుపెట్టుకోదు. 25 మందిని చంపాక కనీసం ఒకటి దొరికే అవకాశం సుమారు 64 శాతమే. 50 మందికి సుమారు 87. అంటే 50 మందిని చంపినా ఎనిమిది మందిలో ఒకరు ఉత్తచేతులతో మిగులుతారు. అది తెలిస్తే టెన్షన్ చాలా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు దారి. మామూలు ఆయుధాన్ని +24కి తేవాలంటే ఒకటో నంబరు నుంచి ఎనిమిదో నంబరు వరకు ఒక్కో రకం రాయి 12 చొప్పున, మొత్తం 96 కావాలి. చివరి +25కి మాత్రం ఒక్క ఏన్షియంట్ రాయి. సోంబర్ అనే వేరే రకం రాళ్లతో పెరిగే ప్రత్యేక ఆయుధానికి ఒకటి నుంచి తొమ్మిది వరకు రకానికి ఒకటే, చివరి +10కి ఒక సోంబర్ ఏన్షియంట్. ఈ 96 రాళ్ల కోసం గనుల్లో మైనర్లని పట్టుకుని తిరగక్కర్లేదు. మైనర్స్ బెల్ బేరింగ్‌లు అనే వస్తువులు తెచ్చి రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో దుకాణం నడిపే ట్విన్ మెయిడెన్ హస్క్స్‌కి ఇస్తే ఆ రాళ్లు ఎన్ని కావాలంటే అన్ని అమ్ముతారు. స్మిథింగ్ స్టోన్ బేరింగ్ మొదటిది రాయా లుకారియా క్రిస్టల్ టనెల్‌లో క్రిస్టలియన్‌ని ఓడిస్తే, రెండోది ఆల్టస్‌లో రాజధాని గోడ బయటున్న సీల్డ్ టనెల్‌లో, మూడోది మంచు కొండల మీద జామోర్ రూయిన్స్‌లో, నాలుగోది ఫారమ్ అజూలాలోనే దొరుకుతాయి. అంటే మీరు తొమ్మిది రోజులుగా తిరుగుతున్న చోటే ఏడు, ఎనిమిది నంబర్ల రాళ్లు అమ్మించే బేరింగ్ ఉంది. ముందు దాన్ని తీసుకోండి. సోంబర్ వాటికి వేరే బేరింగ్‌లు ఉన్నాయి, మొదటిది కేలిడ్‌లో సెల్లియా క్రిస్టల్ టనెల్‌లోని ఫాలింగ్‌స్టార్ బీస్ట్ దగ్గర.

కాబట్టి మీరు ఫార్మ్ చేయాల్సింది రాయిని కాదు, రూన్స్‌ని, అంటే గేమ్‌లో చెల్లే డబ్బుని. దానికి మోగ్విన్ ప్యాలెస్‌ని మించింది నాకు కనపడలేదు. కాన్సిక్రేటెడ్ స్నోఫీల్డ్ పడమటి వైపు ఉన్న పోర్టల్ నుంచి గానీ, వారే (Varré) అనే పాత్ర క్వెస్ట్ పూర్తి చేసి గానీ వెళ్లొచ్చు. ప్యాలెస్ అప్రోచ్ లెడ్జ్ రోడ్ అనే గ్రేస్ దగ్గర నిలబడి, లోయకి అవతల ఉన్న పెద్ద పక్షి మీద దూరం పోయే విల్లుతో బాణం వేస్తే, అది మన మీదకి పరుగెత్తుకొచ్చి లోయలో పడి చస్తుంది. ఒక్కసారికి 11 వేల పైన రూన్స్. మళ్లీ గ్రేస్ దగ్గర కూర్చుని లేవడమే. గోల్డ్ స్కారబ్ పెట్టుకుంటే ఇంకో 20 శాతం వస్తుంది. అది కేలిడ్‌లో అబాండన్డ్ కేవ్‌లోని ఇద్దరు క్లీన్‌రాట్ నైట్స్ దగ్గర ఉంటుంది. నేను రోజుకి అరగంట పెట్టుకున్నాను, ఎక్కువ సేపు చేస్తే గేమ్ మీదే విసుగొస్తుంది.

కరెంటు గురించి కూడా చెప్పాలి, మనవైపు గాలివానకి తీగలు తెగితే ఎప్పుడొస్తుందో చెప్పలేం. గేమ్ దానంతటదే సేవ్ అవుతుంది కాబట్టి చాలాసార్లు ఏమీ పోదు. కానీ సేవ్ అవుతుండగా కరెంటు పోయి నా ఫైల్ ఒకసారి పాడైంది, అరవై గంటల ఆట పోయింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. పీసీలో ఆడేవాళ్లు యాప్‌డేటా కింద రోమింగ్‌లో ఉండే ఎల్డెన్‌రింగ్ ఫోల్డర్‌ని వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. సంపాదించిన రూన్స్ కూడా పోగేసుకోకుండా ఆ పూటే రాళ్లు కొనేయండి.

ఇక ఏన్షియంట్ రాళ్లు. నేను తెచ్చుకున్న వాటిలో తేలికైనవి చెప్తాను. నెఫెలీ లూ, కెన్నెత్ హైట్ అనే పాత్రల కథ చివరిదాకా నడిపితే స్టార్మ్‌వీల్ కోట సింహాసనం గదిలో నెఫెలీ ఒకటి ఇస్తుంది, అక్కడే గోస్టాక్ 20 వేల రూన్స్‌కి ఇంకొకటి అమ్ముతాడు. మధ్యలో సెలువిస్ ఇచ్చే మందు మాత్రం నెఫెలీకి తాగించకండి, ఆమె కథ అక్కడితో ఆగిపోతుంది. సోంబర్ కావాలంటే లటెన్నా అనే పాత్రని స్నోఫీల్డ్‌లోని అపోస్టేట్ డెరెలిక్ట్‌కి తీసుకెళ్లండి, చివర్లో ఒకటి దొరుకుతుంది. అదే స్నోఫీల్డ్‌లో మన మీదకి వచ్చే అనస్టేషియాని ఓడిస్తే ఇంకొకటి.

ఉన్నవి కొన్నే కాబట్టి నచ్చిన ప్రతి ఆయుధానికీ వాడేయొద్దు. నేను మొదటిది తొందరపడి ఒక గ్రేట్‌సోర్డ్‌కి వాడాను, వారం తిరక్కుండా ఆ కత్తే పక్కన పెట్టేశాను. +24కీ +25కీ దెబ్బలో తేడా చాలా కొద్ది. అక్కడిదాకా అన్నీ కొనుక్కోగలిగేవే కదా. ముందు రెండు మూడు ఆయుధాలు +24 చేసి, ఒక్కోదానితో ఒకరిద్దరు బాస్‌లతో తలపడి, చేతికి కుదిరిన దానికే ఆ చివరి రాయి ఇవ్వండి. ఈ రాత్రికి బీస్ట్‌మెన్‌ని వదిలేసి, ఫారమ్ అజూలాలో ఆ నాలుగో బేరింగ్ తీసుకుని రౌండ్‌టేబుల్‌కి వెళ్లండి. దొరక్కపోతే మీరు ఏ గ్రేస్ దాకా వచ్చారో ఇక్కడ రాయండి, అక్కడినుంచి దారి చెప్తాను.