ఎడమచేతివాటం పిచర్లకు బేస్‌బాల్‌లో అంత గిరాకీ ఎందుకు?

గిరాకీ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఎడమచేత్తో బంతి వేసే పిచర్లు తక్కువ దొరుకుతారు, పైగా ఎడమచేత్తో ఆడే బ్యాటర్లకు వాళ్ల బంతి వీపు వెనక నుంచి వస్తున్నట్టుంటుంది. నేను చెప్పాలనుకున్నది మాత్రం అలాంటి ఒక పిచర్, అప్పట్లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టుకు ఆడిన మాడిసన్ బమ్‌గార్నర్ గురించి.

2014 అక్టోబర్ 29, కాన్సస్ సిటీ జట్టుతో వాళ్ల ఊళ్లోనే వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) ఏడో మ్యాచ్, కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్. నేను శాన్ హోసేలో రూమ్మేట్లతో టీవీ ముందు ఉన్నాను. మన జెయింట్స్ 3-2తో ముందుంది, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఐదో ఇన్నింగ్స్‌లో బమ్‌గార్నర్ బంతి వేయడానికి వచ్చాడు. మూడు రోజుల ముందే 117 బంతులు వేసి, ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తనే పూర్తి చేసిన మనిషి! ఒకటి రెండు ఇన్నింగ్స్ వేస్తాడనుకుంటే ఇక దిగనే లేదు. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, ఇంకొక్కరు ఔటైతే కప్పు మనదే. అప్పుడు కాన్సస్ సిటీ బ్యాటర్ గోర్డన్ కొట్టిన బంతి ఫీల్డర్‌ని దాటిపోయి అతను మూడో బేస్ దాకా వచ్చేశాడు. అక్కణ్నుంచి ఇంటికి చేరితే స్కోరు సమం, ఒకటే టెన్షన్. బ్యాటింగ్‌కి సాల్వడార్ పెరెజ్, మొదటి మ్యాచ్‌లో బమ్‌గార్నర్ మీద హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టినవాడు. బమ్‌గార్నర్ వరుసగా ఎత్తు ఫాస్ట్‌బాల్సే వేశాడు, ఛాతీ మీదకి, ఇంకా పైకి. పెరెజ్ ఆశ చంపుకోలేక ఊపాడు, బంతి మూడో బేస్ పక్కన గాల్లోకి లేచింది, మన ఫీల్డర్ సాండోవల్ పట్టుకుని వెల్లకిలా పడిపోయాడు, కప్పు మనదైంది. ఆ రోజు 5 ఇన్నింగ్స్, 68 బంతులు. సిరీస్ మొత్తంలో 21 ఇన్నింగ్స్ వేసి ఇచ్చింది ఒకే ఒక్క పరుగు.

ఐదు రోజుల టెస్టు మ్యాచ్ కోసం రాత్రంతా మేలుకునే మనవాళ్లే బేస్‌బాల్ బోర్ అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో మాట. నాది కూడా పుర్రచెయ్యే. అన్నం దగ్గర, పలక దగ్గర దెబ్బలు తినే పెరిగాను. బమ్‌గార్నర్ బంతి ఎడమచేత్తో వేసేవాడు, బ్యాటింగ్ మాత్రం కుడిచేతివాటం, అలాగే 19 హోమ్ రన్లు కొట్టాడు. పిల్లలకి ఏ చెయ్యి వాటమైతే ఆ చేత్తోనే చెయ్యనివ్వండి, దయచేసి.

తర్వాత అతను తగ్గిపోయాడని, 2017లో డర్ట్ బైక్ మీంచి పడి భుజం పాడుచేసుకున్నాడని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆ భుజం అరిగింది 2014లోనే. సీజన్, ఆ తర్వాతి ప్లేఆఫ్‌లు (కప్పు కోసం ఆడే మ్యాచ్‌లు) కలిపి ఆ ఒక్క ఏడాదే 270 ఇన్నింగ్స్ వేయించారు. అరిజోనా జట్టు 5 ఏళ్లకు 85 మిలియన్ డాలర్లకు తీసుకుని, 2023 ఏప్రిల్‌లో మధ్యలోనే వదిలేసింది. పిచర్‌గా అతని ఖాతాలో 134 విజయాలు, 124 ఓటములు అని లెక్క చూపించి హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితాకి) పనికిరాడనేవాళ్లు ముందు ఆ ఏడో మ్యాచ్ పూర్తిగా చూసి రావాలి. ఓటే ఉంటే నేను అతనికే వేస్తాను.