దళపతి డప్పు, రాని వీసా

ఒకప్పుడు విసుక్కుని పక్కన పడేసి, ఏళ్ల తర్వాత విన్నాక నచ్చిన ఇంగ్లిష్ ఆల్బమ్ ఏదని అడిగారు. నాకు మాత్రం అనుమానమే లేదు. లండన్ గాయని ఎం.ఐ.ఏ. 2007లో తెచ్చిన 'కళ'. అది వాళ్లమ్మ పేరు.

2008లో ఎమ్మెస్ వీసా కోసం చెన్నై వెళ్లాను. మూడే ప్రశ్నలు. వీసా లేదని చేతిలో ఒక కాగితం పెట్టి పంపేశారు. ఆ వారమే రూమ్మేట్ ఈ ఆల్బమ్‌లోని 'పేపర్ ప్లేన్స్' వినిపించాడు. తుపాకీ పేలడం, గల్లాపెట్టె గల్లుమనడం, పిల్లల కోరస్. అది వీసాల మీద, వలస వచ్చినవాళ్లని దొంగల్లా చూడటం మీద ఎత్తిపొడుపు అని అప్పుడు వెలగలేదు. మిగతా పాటలన్నీ గోల అనిపించి డిలీట్ చేశాను.

మొన్న సంక్రాంతి సెలవులయ్యాక విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. అమ్మ ముందు సీట్లో కాళ్లు మడిచి కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఏదో యాప్ తనంతట తనే 'కళ'లోని 'బాంబూ బంగా' పెట్టింది. (ఈ యాప్‌లు మనం అడిగింది తప్ప అన్నీ పెడతాయి, అది వేరే గొడవ.) డప్పు మొదలయ్యీ అవకముందే అమ్మ, "ఇది దళపతిది కదరా" అంది.

"ఇంగ్లిష్ పాటమ్మా."

"ఇంగ్లిషేంటి నీ మొహం. రజనీకాంత్, మమ్ముట్టి ఆడతారే, సింగారాల పైరుల్లోన" అని తొక్క పట్టుకున్న చేత్తోనే డాష్‌బోర్డు మీద దరువేసింది.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు వెతికి చూస్తే అమ్మ మాటే నిజం. 1991 నాటి ఇళయరాజా పాటే, తమిళంలో 'కాట్టు కుయిలు'. అంతకన్నా వింత, అదే ఆల్బమ్‌లోని 'బర్డ్ ఫ్లూ'లో వాడింది తమిళ 'జయం' పాట. ఆ సంగీతం మన ఆర్పీ పట్నాయక్‌ది! 'నాటు నాటు'కి ఆస్కార్ వస్తే ఊరంతా ఊగిపోయాం, ఇది చెప్పుకున్నవాడు ఒక్కడు కనబడలేదు నాకు.

ఎం.ఐ.ఏ. కథేంటంటే, శ్రీలంక యుద్ధం వల్ల చిన్నప్పుడే శరణార్థిగా లండన్ చేరిన తమిళమ్మాయి. అమెరికా వెళ్లి అక్కడి పేరున్న ప్రొడ్యూసర్ టింబలాండ్‌తో ఆల్బమ్ చేద్దామనుకుంటే 2006లో వీసా దొరకలేదు. దాంతో ఇండియా, ట్రినిడాడ్, లైబీరియా, ఆస్ట్రేలియా తిరిగి చేసుకుంది. చెన్నైలో ఉరుమి వాద్యం, 'డిస్కో డాన్సర్' నుంచి 'జిమ్మీ', తుపాకీ ఎంత చవకో చెప్పే '20 డాలర్', 'పేపర్ ప్లేన్స్' కింద బ్రిటిష్ పంక్ బ్యాండ్ ద క్లాష్ బాణీ, అన్నీ ఒకే సంచిలో. రాజకీయం అంటే స్టేజీ ఎక్కి నినాదాలివ్వడమే అనుకునేవాళ్లకి ఇది ఎక్కదు. ఆమె మాటలన్నీ నాకూ నచ్చవు, కానీ డప్పుతో వాదించలేం కదా.

నన్నడిగితే ఈ ఆల్బమ్‌కి అసలు ప్రొడ్యూసర్ ఆ వీసా ఆఫీసరే. రుజువు కావాలా? చివర్లో టింబలాండ్‌తో చేసిన పాట ఒకటుంది. ఆల్బమ్ మొత్తంలో చప్పగా ఉండేది అదే.

చౌటుప్పల్ దాటాక అది వచ్చింది. అమ్మ బత్తాయి తొన నా చేతికిస్తూ, "ఇది మార్చరా, ఇందాకటిది పెట్టు" అంది.